కల్లం నడుమ రాయి

గట్టు తగాదా వస్తే మా ఊళ్ళో పెద్దమనుషుల కంటే ముందు మా నాయనమ్మను పిలిచేవాళ్ళు. ఆవిడ పేరు వెంకటరావమ్మ. చదువు లేదు, పదవి లేదు, పైగా ఆడమనిషి. అయినా పిలిచేవాళ్ళు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, దవడన పొగాకు ముక్క పెట్టుకుని, గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి నడిచేది. నాగలి ఎటువైపు కొరికిందో చూసేది. ఆ తర్వాత తప్పు ఎవరిదో వాడి మొహం మీదే చెప్పేది.

"ఏడాదికో సాలు తింటా పోతే రేపు గట్టు మీద కాకి కూడా వాలదురా. జరుగు అవతలికి," అనేది.

తిట్టించుకున్నవాడు జరిగేవాడు. ఎందుకంటే ఆవిడ ఒకరి సాలు తిన్న మనిషి కాదు. ఆ సంగతి ఊరికి తెలుసు, తెలియనివాళ్ళకు ఆవిడే చెప్పేది. అన్నం పెడుతూ చెప్పేది, పత్తి తీస్తూ చెప్పేది, బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పేది. "నేను ఒకరి సాలు తినలా" అనే మాట వినీ వినీ మాకు విసుగొచ్చేది. ఆ ఒక్క మాట మీద బతికిన మనిషికి పోయినేడు ఏం జరిగిందో రాస్తున్నాను.

మాది పర్చూరు వైపు నల్లరేగడి. వానాకాలం కాలు పెడితే వదలదు, ఎండాకాలం నెర్రెలిచ్చి చెయ్యి దూరేంత నోరు తెరుస్తుంది. ఈ నేలలో ఏదీ ఉన్నచోట ఉండదు. గట్లు కుంగుతాయి, రాళ్ళు ఒరుగుతాయి. అందుకే ఇక్కడ పొలం ఉన్న ప్రతివాడికీ పక్కవాడి మీద అనుమానం ఉంటుంది.

నాయనమ్మ పొలం మా తాతది కాదు. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద వాళ్ళ నాన్న ఇచ్చింది. ఆయనది పక్క ఊరు. రెండూళ్ళకీ మధ్య, వాగు ఒడ్డున ఉంటుంది చేను. ఇచ్చిన మరుసటేడే వాగు పొంగింది. నీళ్ళు తీసేసరికి మోకాలెత్తు ఒండ్రు మేట వేసి, గట్లన్నీ చెరిగిపోయి, చేలన్నీ ఒకటే చేనైపోయాయి. అప్పటికే ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు. కర్ర పట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని, తడుముకుంటూ వచ్చాడు. ఒండ్రులోంచి ఒక రాయి తల బయటికి కనిపిస్తోంది. కర్రతో దాన్ని తట్టాడు.

"ఇదేనమ్మాయ్ మన మూల రాయి. దీనికి ఇవతల నీది, అవతల వాళ్ళది. ఎవరు అడిగినా ఇదే చూపించు," అన్నాడట.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. నాయనమ్మకు పుట్టింటి నుంచి మిగిలింది ఆ చేనూ, ఆ రాయీ. అప్పటి నుంచి ప్రతి ఏరువాక పున్నమికీ ఆ రాయిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేది. ఏరువాకకు అందరూ నాగలికీ ఎద్దులకీ చేస్తే ఆవిడ ముందు రాయికి చేసేది. ఏళ్ళ తరబడి పసుపు పేరుకుని ఆ రాయి నెత్తీ మెడా తెలియకుండా గుండ్రంగా తయారైంది. మెడ దగ్గర ఏదో గాడి ఉన్నట్టు ఉండేది. చిన్నప్పుడు నేను అడిగితే, "దొరల కాలంలో కొలిచేటప్పుడు గొలుసు కట్టింది అక్కడే," అంది. ఎవరు చెప్పారో మరి.

పక్క చేను ఆసామి ఆ వరదతోనే చీరాల వెళ్ళి బట్టల కొట్టు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళు బీడు పెట్టి, తర్వాత అమ్మేశాడు. కొన్నది మా ఊరి బుడాన్. అప్పట్లో ఆయనకు ఎద్దుబండి ఉండేది. ఊళ్ళోవాళ్ళ మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డుకు తోలేవాడు. కాస్త కూడబెట్టుకుని మొదటిసారి నేల కొన్నాడు. కొన్న రోజు పొద్దున్నే వచ్చి నాయనమ్మను అడిగాడు.

"హద్దు ఎక్కడ చెల్లెమ్మా? అమ్మినోడు చేత్తో గాల్లో చూపించి బస్సెక్కి పోయాడు."

నాయనమ్మ పసుపు రాయి చూపించింది. బుడాన్ సరేనన్నాడు. ఆవిడ మాట మీదే గట్టు వేసుకున్నారు.

ఆ రాయి ఉన్న చోటు మెరక కాబట్టి, చుట్టూ పలచటి ఒండ్రు గీకితే కింద గట్టి నేల తగిలింది. నల్లరేగడిలో అలాంటి నేల దొరకడం అదృష్టం. నెర్రెలివ్వదు, అరచేతిలా ఉంటుంది. రాయికి అటు సగం, ఇటు సగం. ఇద్దరూ అక్కడే మిరపకాయలకు కల్లం చేసుకున్నారు. చుట్టూ నెర్రెలిచ్చే నేలలో అదొక్కటే ఎందుకంత గట్టిగా ఉందో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు.

బుడాన్ తాతకు మాత్రం మొదటి నుంచీ ఒక బాధ ఉండేది. విత్తనం వేసిన ప్రతిసారీ సాళ్ళు తక్కువ వచ్చేవి.

"నా చేను కురచగా ఉంది చెల్లెమ్మా. కాగితంలో ఉన్నంత నేల మీద లేదు."

"కాగితం పందికొక్కు కొరికిందేమో చూసుకో అన్నాయ్."

"నేను నవ్వులాటకి అనట్లా."

"నేనూ అంతే. నేను ఒకరి సాలు తినలా. నువ్వే ఆ కొసన నా గట్టు గీరుతున్నావు. దొంగబుద్ధి మానుకో."

నా చిన్నప్పటి నుంచీ ఈ పోట్లాట వింటూనే ఉన్నాను. అన్నాయ్ అంటూనే దొంగ అనేది. చెల్లెమ్మా అంటూనే ఆయన గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ పది గంటలకు ఆయన భార్య మౌలాబీ అల్లం టీ తెస్తే ఇద్దరూ చెరో పక్క కూర్చుని తాగేవాళ్ళు.

మాఘమాసం దాటితే కల్లం ఎర్రబడేది. చెప్పకూడదు కానీ, నేను ఎక్కడా కుదురుగా లేను. ఇంజినీరింగు మధ్యలో వదిలేశాను. గుంటూరులో కొరియర్ తిప్పాను, చీమకుర్తిలో క్వారీ లారీల లెక్క చూశాను, హైదరాబాదులో ఒక గదిలో ఐదుగురితో పడుకున్నాను. ఎక్కడున్నా పక్కింట్లో ఎండుమిరపకాయ పోపులో పడితే నాకు ఆ కల్లమే గుర్తొస్తుంది. తెల్లారగట్ల మంచుకు మెత్తబడిన కాయల వాసన వేరు, మధ్యాహ్నం ఎండకు గలగలమనే కాయల వాసన వేరు. కాళ్ళతో సాళ్ళు సాళ్ళుగా కదిపితే కాయలు తిరగబడతాయి. ఆ పని మా పిల్లలది. కాలి వేళ్ళ సందుల్లో మంట పుడితే నాయనమ్మ మజ్జిగ పోసేది. తాలు కాయలు ఏరుతూ ఆడవాళ్ళు ఊరందరి సంగతులూ మాట్లాడుకునేవాళ్ళు. బుడాన్ తాత కాయలు అటు, మావి ఇటు, మధ్యలో పసుపు రాయి. మేము ఆటల్లో ఆ రాయి దాటి అవతలికి వెళ్తే నాయనమ్మ ఊరుకునేది కాదు. "పరాయి కల్లంలో అడుగు పెడితే కాళ్ళు విరుస్తా," అనేది.

పోయినేడు ఎండాకాలం మా ఊరికి రీసర్వే వచ్చింది. ముందు డ్రోన్ ఎగిరింది. నాయనమ్మ దానికి చేత్తో నీడ పెట్టుకుని చూసి, "అంత ఎత్తు నుంచి చూస్తే మనుషులే కనపడరు, గట్లేం కనపడతాయి," అంది. తర్వాత నోటీసు ఇచ్చారు. ఫలానా రోజు మీ మూలలు గుర్తిస్తాం, పక్క రైతులతో సహా పొలంలో ఉండండి అని. ఆ రోజు ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది. నా బండి వెనక పక్కకు కూర్చుని దారంతా ఒకటే మాట.

"ఇవాళతో బుడాన్ నోరు మూతపడాలి. ఇన్నేళ్ళు నన్ను సతాయించాడు. గవర్నమెంటే వచ్చి చెబుతుందిగా, ఎవరి చేను ఎంతో."

సర్వేయరు లక్ష్మీదుర్గ అని ఒకమ్మాయి. నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. చున్నీ మొహానికి చుట్టుకుని, పైన టోపీ పెట్టుకుని వచ్చింది. ఆమె చేతిలో రోవరు ఉంది. నిలువుగా పట్టుకునే కర్ర, దాని నెత్తిన పుట్టగొడుగులాంటి డబ్బా. ఉపగ్రహాల లెక్కతో మనం ఎక్కడ నిలబడ్డామో చెబుతుంది. పాత పటంలో మూల ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్తుంది. వాగు వైపు రెండు మూలలూ, రోడ్డు వైపు ఒక మూలా సరిగ్గానే వచ్చాయి. ప్రతి మూల దగ్గరా నాయనమ్మ బుడాన్ తాత వంక చూసి తల ఎగరేసింది. ఆయన కొడుకు అన్వర్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఒంగోలులో మోటార్లు బాగుచేసే కొట్టు అతనిది. కొట్టు మూసుకుని వచ్చానని చిరాకుగా ఉన్నాడు. మా నాన్న యలమంద ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

చివరికి కల్లం దగ్గరికి వచ్చాం. నాయనమ్మ ముందే వెళ్ళి పసుపు రాయి పక్కన నిలబడింది. లక్ష్మీదుర్గ రాయి దగ్గర ఆగలేదు. తెర చూసుకుంటూ మా వైపు నడిచింది. మా సగం కల్లమంతా దాటి, మా చేనులోకి దిగి, అక్కడ ఆగింది.

"మామ్మగారూ, మీ మూల ఇక్కడండీ."

"అక్కడేముందమ్మాయ్? మూల ఇది. రాయి కనపడట్లా?"

"ఆ రాయి మూల కాదండీ. పటం ప్రకారం ఇది."

నాయనమ్మ నవ్వింది. "నీ కర్రకి వడదెబ్బ తగిలింది. కాసేపు నీడన పెట్టి మళ్ళీ చూడు."

ఆ అమ్మాయి విసుక్కోలేదు. మిగతా మూలల నుంచి మళ్ళీ చూసుకుంటూ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. అంటే వాగు వైపు కొసన హద్దు సరిగ్గానే ఉంది. అక్కడి నుంచి గట్టు కొంచెం కొంచెంగా పక్కకు పోయి, ఈ కొసకు వచ్చేసరికి మా సగం కల్లమంతా బుడాన్ తాత నేలలో ఉంది. కత్తి ఆకారంలో ఒక ముక్క. ఇన్నేళ్ళుగా మేము దున్నుకుంటున్నాం.

నాన్న ఫోను జేబులో పెట్టుకుని వచ్చాడు. "అదెట్టా కుదురుద్దండీ? మా అమ్మ పెళ్ళయిన కాడి నుంచి ఈ రాయే హద్దు."

"తవ్వి చూద్దాం. ఉంటే ఉంటది, లేకపోతే లేదు," అన్నాడు అన్వర్.

గడ్డపలుగుతో అతను తవ్వాడు, పారతో నేను మన్ను తీశాను. పైన దున్ని దున్ని కలిసిన నల్లమన్ను, దాని కింద వాగు ఒండ్రు, పసుపుపచ్చగా. మోకాలి లోతున పలుగు ఠంగుమంది. లక్ష్మీదుర్గ తన సీసాలో నీళ్ళు పోసి కడిగింది. నెత్తిన అడ్డగీతా నిలువుగీతా చెక్కిన పాత సర్వే రాయి. పక్కకు ఒరిగి నిద్రపోతున్నట్టు ఉంది.

నాయనమ్మ గుంటలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తన రాయిని చూసింది.

"అయితే అదేంటి?" అంది.

బుడాన్ తాత నెమ్మదిగా వెళ్ళి పసుపు రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. గోటితో మెడ దగ్గర గీకాడు. పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద గాడి. చుట్టూతా, వేలు దిగేంత లోతు, అద్దంలా నునుపు. దాంట్లో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు.

"చెల్లెమ్మా, ఇది పలుపు ఒరిపిడి," అన్నాడు. "ఎద్దుల బంతి తోలి నూర్చేటప్పుడు నడుమ పాతే రాయి ఇది. దీనికి పలుపు కట్టి, జొన్న కంకుల మీద ఎద్దుల్ని చుట్టూ తిప్పేవాళ్ళు. ఇదంతా ఆ చీరాల ఆసామి వాళ్ళ పాత కల్లం. మొత్తం."

అప్పుడు అర్థమైంది అందరికీ, ఆ నేల ఎందుకంత గట్టిదో. ఎన్ని తరాల ఎద్దులు తొక్కాయో దాన్ని. రాయి కల్లానికి నడుమ ఉంటుంది కాబట్టి సగం సగం వచ్చింది. సరిసమానంగా వచ్చింది కాబట్టి ఎవరికీ రాయి మీద అనుమానం రాలేదు.

బుడాన్ తాత లేచి నిలబడ్డాడు. మొదట చిన్నగా మొదలైంది నవ్వు, తర్వాత పొట్ట పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఎద్దుల్ని కట్టే గుంజకి కొబ్బరికాయలు కొట్టింది రా మా చెల్లెమ్మ. నన్ను దొంగ అంటా, నా కల్లంలో కూర్చుని, నా నేల మీద."

అన్వర్ నవ్వాడు. చూడ్డానికి వచ్చిన నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అబద్ధమెందుకు. నాయనమ్మ కొంగుతో మూతి తుడుచుకుని గట్టు మీదుగా నడిచి వెళ్ళిపోయింది. వెనకాలే బండి వేసుకుని వెళ్తే ఎక్కలేదు. ఇంటి దాకా ఎండలో నడిచింది.

బుడాన్ తాత ఆ సంగతి దాచుకోలేదు. దాచుకునే మనిషీ కాదు, దాచుకోవాల్సిన అవసరమూ లేదు. టీ కొట్టు దగ్గర కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పాడు. రాయికి పసుపు ఎలా పూసేదో చేత్తో చేసి చూపించాడు. ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. మా వీధిలో పోతూ పోతూ ఒకాయన, "ఏం పెద్దమ్మా, జరిగావా అవతలికి?" అన్నాడు. ఎప్పుడో ఆవిడ ఆయన్ను గట్టు మీద నిలబెట్టి అన్న మాటే అది. నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

నాన్న మాత్రం ఊరుకోదలచుకోలేదు. ఇన్నేళ్ళు మన అనుభవంలో ఉన్న నేల, ఊరికే వదులుకుంటామా అన్నాడు. అభ్యంతరం రాసిస్తే పై ఆఫీసరు వచ్చి మళ్ళీ కొలుస్తాడు, లేదంటే కోర్టు ఉంది, కేసు మన కాలమంతా నడుస్తుంది, అందాకా నేల మన కిందే ఉంటుంది అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మా వైపు ఇలాంటివాటిలో ముప్పాతిక మంది చేసేది అదే. ఆ కల్లం పోతే మాకు కాయలు పోసుకునే చోటు లేదు. అది ఒట్టి నేల ముక్క కాదు, ఏడాది పంట మొత్తం నిలబడే జాగా.

"నువ్వు వేలిముద్ర వెయ్యమాక. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

నాయనమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "మా నాన్న తప్పు చూపించాడంటావా?"

"ఆయనకు కళ్ళు కనపడవు కదమ్మా అప్పటికి. ఆయన తప్పేముంది?"

"ఆయనకు కళ్ళు లేవు. నాకున్నాయిగా."

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"బుడాన్ కురచ, కురచ అంటానే ఉన్నాడు," అంది మళ్ళీ. "ఒక్కసారి తాడు పట్టుకుని కొలిచి ఉంటే తేలిపోయేది. కొలవనిచ్చానా? నోరు పెట్టుకుని గెలిచా."

మర్నాడు నన్ను ఊరి సచివాలయానికి తీసుకెళ్ళమంది. లక్ష్మీదుర్గ చూపించిన చోట వేలిముద్ర వేసింది. వేలికి అంటిన సిరా తలకు రాసుకుంటూ, "కొత్త రాయి ఎప్పుడు పాతుతావు అమ్మాయ్?" అని అడిగింది. ఆ అమ్మాయి, "మీరు బాధపడకండి మామ్మగారూ, చాలా ఊళ్ళలో ఇట్టానే వస్తున్నాయి," అంది. "బాధ కాదమ్మా. ఇంటికెళ్ళి చద్దన్నం తినాలి," అంది నాయనమ్మ. దారిలో మాత్రం నా భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. ఎప్పుడూ బండి వెనక కమ్మీ పట్టుకునేది.

రాయి పాతిన రోజు గుంటలో ముందు బొగ్గులూ, కుండ పెంకులూ వేయించింది. రాయి జరిగినా, ఎవడైనా పీకినా, బొగ్గును చెదలు తినవు, అది కుళ్ళదు. తవ్వితే చోటు చెబుతుంది. పూర్వం అందరూ వేసేవాళ్ళట. లక్ష్మీదుర్గ వింతగా చూసింది కానీ వద్దనలేదు. రాయి నిలబెట్టాక తాడు లాగారు. వాగు కొస నుంచి ఈ కొత్త రాయి దాకా. నాయనమ్మ పార తీసుకుని పాత గట్టు తవ్వడం మొదలుపెట్టింది. ట్రాక్టరు పెడదామని నాన్న అంటే వినలేదు.

"నేను వేయించింది, నేనే తీస్తా."

బుడాన్ తాత చేను మధ్య నిలబడి కాసేపు చూశాడు. నవ్వు మొహం ఎప్పుడో పోయింది. దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, చేను ముక్క సరే. కల్లం సగం ఎప్పట్లానే ఉండనీ. నీ కాయలు నువ్వు పోసుకో. నాకు అడ్డమేముంది?"

"నీ దానం నాకెందుకు అన్నాయ్?"

"దానం ఎవడిచ్చాడు? ఆ సగం నువ్వు ఊడుస్తావని నా ఆశ. మొత్తం నేనే ఊడ్చాలంటే నా నడుం పనికి రాదు."

"కోడల్ని పెట్టుకో."

"నా కోడలు చీపురు పట్టుకోవడం నువ్వు చూశావా? నేను చూడలా."

అన్వర్ పక్క నుంచి అన్నాడు. "నాన్నా, ఆమె వద్దంటుంటే నువ్వెందుకు బతిమాలతావు? మన నేల మనకొచ్చింది, అంతే కదా." అతను అన్నదాంట్లో తప్పు లేదు. బుడాన్ తాత కొడుకు వంక చూసి, ఇంకో పార తెచ్చుకుని అవతలి కొస నుంచి తవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా తవ్వుకుంటూ వచ్చారు.

ఆ ఏడు ఏరువాకకు ఆవిడ ఏ రాయికీ పసుపు పూయలేదు.

కల్లం కోసం మా చేనులోనే రోడ్డు వైపు ఒక చోటు ఎంచుకుంది. నేను పని లేకుండా ఇంట్లో ఉన్నాను కాబట్టి ఆ చాకిరీ నా మీద పడింది. నీళ్ళు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, పేడ అలకడం, మళ్ళీ కొట్టడం. రోజులు రోజులు కొట్టాం. అయినా రేగడి రేగడే. ఎండ తగలగానే పగిలేది. మొదటి కోత కాయలు పోసినప్పుడే తెలిసిపోయింది. కాయలు నెర్రెల్లోకి జారిపోతున్నాయి. నాయనమ్మ సాయంత్రం దాకా వంగి, వేళ్ళు పెట్టి ఒక్కో కాయ లాగేది. లోపలి కాయలు చెమ్మకు మచ్చలు తేలేవి. గుంటూరు యార్డులో అలాంటి కాయను ఎవడూ కన్నెత్తి చూడడు. నాన్న పళ్ళు నూరేవాడు.

విచిత్రం ఏమిటంటే బుడాన్ తాత కూడా తన సగంలోనే పోసుకున్నాడు. ఒకప్పటి మా సగం ఖాళీ. నేల మొత్తం తనదైనా, రాయి దాటి ఒక్క కాయ కూడా అవతల పడనివ్వలేదు. గడ్డి మొలిచింది. "అదేంటి తాతా?" అని నేను అడిగితే, "అలవాటు లేదురా," అన్నాడు. రెండు కుటుంబాలూ ఇరుకులో చచ్చాం, మధ్యలో బంగారంలాంటి నేల గొర్రెలకు మేతైంది.

చివరి కోత ఎండుతుండగా ఒక మధ్యాహ్నం తూర్పున మబ్బు పట్టింది. మార్చిలో రాకూడని మబ్బు. గాలి వాసన మారింది. ఫోనులో చూస్తే సాయంత్రానికల్లా వాన అని ఉంది. అప్పుడు పొలంలో ఉన్నది నాయనమ్మా, నేనూ. కాయలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. మా కొత్త కల్లం పల్లంలో ఉంది. టార్పాలిను పట్టాలు కప్పినా కింద నుంచి నీళ్ళు నెర్రెల్లోకి దిగుతాయి, రెండు రోజుల్లో మొత్తం బూజు. పాత కల్లం మెరక. అక్కడ నీళ్ళు నిలవవు.

బుడాన్ తాత అప్పటికే తన కాయలు కుప్ప చేసి పట్టా కప్పుతున్నాడు. మౌలాబీ అంచుల మీద రాళ్ళు పెడుతోంది. ఆయన మధ్య మధ్య తల ఎత్తి మా వైపు చూస్తున్నాడు. పిలవలేదు. పిలిస్తే ఆవిడ రాదని తెలుసు.

నాయనమ్మ కాయల మధ్య నిలబడింది. మబ్బు చూసింది. చేతిలో ఉన్న గంప కింద పెట్టి గట్టు దాకా నడిచింది, కొత్త గట్టు. ఎక్కలేదు. అక్కడే ఆగింది.

"అన్నాయ్."

ఆయన పట్టా వదిలేశాడు.

"నీ కల్లంలో కాస్త చోటిస్తావా?"

నా ఎరుకలో ఆవిడ ఎవరినీ ఏదీ అడగలేదు. నీ కల్లం అనే మాట కూడా ఆ రోజు దాకా ఆవిడ నోట్లోంచి రాలేదు. అది, ఆ కల్లం, అక్కడ, ఇలాగే అనేది. బుడాన్ తాత దీనికోసమే ఎదురుచూశాడనీ, ఇప్పుడు ఏదో ఒక మాట అంటాడనీ నేను అనుకున్నాను. ఆయన అన్నది ఒకటే.

"నిలబడి అడుగుతావేంటి, మొయ్యి. మబ్బు ఆగుద్దా?"

గంపలు, గోతాలు, దుప్పటి, ఏది దొరికితే దాంట్లో మోశాం. మౌలాబీ తలగుడ్డలో కూడా మోసింది. ఆయన ఆ వయసులో గట్టు ఎక్కీ దిగీ రొప్పుతూ మోశాడు. గడ్డి మీదే పోశాం. కొత్త కుప్పకు చోటు చాలక ఆయన తన కుప్ప అంచు కాలితో వెనక్కి తోశాడు. పట్టా లాగేసరికి వాన పడింది. నలుగురం ఒకే పట్టా కొసల మీద కూర్చున్నాం, ఎగిరిపోకుండా. పసుపు కరిగిపోయిన ఆ రాయిని ఆనుకుని బుడాన్ తాత కాళ్ళు చాపుకున్నాడు.

కాసేపటికి నాయనమ్మ పట్టా కొస ఎత్తి లోపలికి చూసింది.

"నీ కాయలు నా కాయల్లో కలిశాయి అన్నాయ్."

"కలవనీ."

"కలవనీ ఏంటి? నీవి ఎన్ని వచ్చాయో, నావి ఎన్ని పోయాయో."

"రోవరు తెప్పించి చూసుకో."

మౌలాబీ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ నవ్వలేదు. చెయ్యి లోపలికి పెట్టి కాయలు పైకి తీసి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, పొట్టిగా ముదురు ఎరుపున్నవి ఆయనవని అటు వైపు నెట్టడం మొదలుపెట్టింది. ఆయన వాటిని మళ్ళీ ఇటు నెట్టాడు.

"ఇది నాది కాదు చెల్లెమ్మా, నీ కాయే. తొడిమ చూడు."

"నాకు చూపించమాక. నా కాయ నాకు తెలియదా?"

"నీకేం తెలుసో ఊరందరికీ తెలుసు."

ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని ఆయన వంక చూసింది. వాన పట్టా మీద చప్పుడు చేస్తోంది. ఆ తర్వాత ఆ కాయ తన వైపే వేసుకుని, ఇంకోటి తీసింది.